లీ విగ్రహం దిగడానికి ఐదేళ్లు ఎందుకు పట్టింది?

సంక్షిప్తంగా: అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని షార్లట్స్‌విల్ నగరంలో, ఒక పార్కు నడుమ 97 ఏళ్లు నిలిచిన జనరల్ రాబర్ట్ ఈ. లీ కంచు విగ్రహాన్ని 2021 జూలై 10న తొలగించారు. తొలగించమన్న విజ్ఞాపన 2016 మార్చిలో వచ్చింది. నగర పాలకమండలి 2017 ఫిబ్రవరిలోనే తీర్మానం చేసింది. ఆ తర్వాతి జాప్యానికి కారణం చరిత్రపై వాదన తెగకపోవడం కాదు. విగ్రహాన్ని కదిలించే అధికారం నగరానిదా, రాష్ట్రానిదా అన్నది తేలకపోవడం. ఇతర నగరాల్లోనూ, మన మద్రాసులోనూ జరిగినవాటితో పోల్చి చూస్తే, తొలగించిన విగ్రహాల్లో కొన్ని తిరిగి రావడానికి, కొన్ని రాకపోవడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది.

నిలబెట్టిన సంవత్సరం

అమెరికా అంతర్యుద్ధం 1861లో మొదలై 1865లో ముగిసింది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి పేరు కాన్ఫెడరసీ. దాని ప్రధాన సైన్యాన్ని నడిపిన లీ 1865 ఏప్రిల్‌లో లొంగిపోయాడు, 1870లో మరణించాడు. షార్లట్స్‌విల్ పార్కులో గుర్రమెక్కిన ఆయన విగ్రహం వెలసింది మాత్రం 1924 మే 21న, అంటే యుద్ధం ముగిసిన 59 ఏళ్లకు.

ఈ వివాదంలో ముందుగా చూడవలసింది ఆ 59 ఏళ్ల ఎడమే. విగ్రహం ఎవరిదన్నది పీఠం మీది పేరు చెబుతుంది. ఎందుకు పెట్టారన్నది పెట్టిన సంవత్సరం చెబుతుంది.

షార్లట్స్‌విల్‌లో పుట్టి, షికాగో, న్యూయార్క్ స్టాక్ మార్కెట్లలో సంపాదించిన పాల్ గుడ్లో మెకింటైర్ ఆ నగరానికి పార్కులు, విగ్రహాలు కానుకగా ఇచ్చాడు. లీ విగ్రహం పనిని 1917లో అప్పగించాడు. శిల్పి హెన్రీ ష్రేడీ 1922లో మరణించడంతో లియో లెంటెల్లి పూర్తిచేశాడు. ఆవిష్కరణను కాన్ఫెడరేట్ మాజీ సైనికుల సమావేశంతో కలిపి జరిపారు. విగ్రహం మీద కప్పిన కాన్ఫెడరేట్ జెండాను లీ మునిమనవరాలైన మూడేళ్ల పాప చేత లాగించారు.

అదే 1924 మార్చిలో వర్జీనియా చట్టసభ శ్వేతజాతివారు ఇతర జాతులవారిని పెళ్లాడటాన్ని నిషేధిస్తూ జాతి శుద్ధి చట్టం చేసింది. 1967లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసే దాకా ఆ నిషేధం అమల్లో ఉంది. 1902 నాటి రాష్ట్ర రాజ్యాంగం ఓటు పన్ను వంటి నిబంధనలతో అప్పటికే నల్లజాతివారిలో అత్యధికుల ఓటును ఊడబెరికింది. శ్వేతజాతి ఆధిపత్యం కోసం హింసకు దిగే కూ క్లక్స్ క్లాన్ అనే సంస్థ శాఖ ఆ దశకంలోనే నగరంలో మొదలైంది. విగ్రహం నిలిచిన పార్కు కాగితాల మీద అందరిది. కానీ ఆ నగరంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఏ బడికి వెళ్లాలో చర్మం రంగే నిర్ణయించేది.

మరో లెక్క కూడా ఉంది. 1860 జనగణన నాటికి షార్లట్స్‌విల్ భాగంగా ఉన్న ఆల్బెమార్ల్ కౌంటీ (మన జిల్లా లాంటిది) జనాభా 26 వేలకు పైగా. అందులో సగానికి మించి, దాదాపు 14 వేల మంది, బానిసలు. 1865 మార్చి 3న యూనియన్ సైన్యం, అంటే కాన్ఫెడరసీతో పోరాడిన ఉత్తరాది సైన్యం, పట్టణంలోకి అడుగుపెట్టింది. ఆ రోజు ఆ నేల మీది జనంలో ఎక్కువమందికి అది ఓటమి కాదు, విడుదల. 1924లో నిలబెట్టిన స్మారకం మిగిలిన సగం జనం జ్ఞాపకాన్ని మాత్రమే కంచులో పోసింది. వివాదానికి వేరు ఇదే.

లీ స్వయంగా ఇలాంటి స్మారకాలకు మొగ్గు చూపలేదన్నది తరచూ మరుగున పడే విషయం. అంతర్యుద్ధంలో పెద్ద పోరు జరిగిన గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో స్మారకాలు నిలిపే ప్రయత్నానికి 1869లో ఆహ్వానం వస్తే, యుద్ధపు గాయాలను తెరిచి ఉంచకపోవడమే మేలని జవాబు రాశాడు.

విజ్ఞాపన నుంచి తీర్మానం దాకా

2016 మార్చిలో ఒక ఉన్నత పాఠశాల విద్యార్థిని విగ్రహాన్ని తొలగించాలని, పార్కు పేరు మార్చాలని విజ్ఞాపన పెట్టింది. ఆమెకు అప్పుడు 15 ఏళ్లు. పాలకమండలి వెంటనే నిర్ణయం తీసుకోలేదు, పౌరులతో ఒక సంఘాన్ని నియమించింది. నెలల తరబడి బహిరంగ సభలు నడిచాక ఆ సంఘం 2016 డిసెంబరులో నివేదిక ఇచ్చింది.

లీ విగ్రహానికి అందులో రెండు దారులు చూపారు. ఒకటి, నగరంలోనే ఉన్న మెకింటైర్ పార్కుకు తరలించడం. రెండోది, ఉన్నచోటనే ఉంచి, చుట్టూ కొత్త నిర్మాణాలతో, వివరణలతో దాని అర్థాన్ని మార్చడం. కరిగించే మాట అప్పటికి ఎక్కడా లేదు. తర్వాత జరిగినదంతా చూసినవారు ఈ విషయాన్ని మరచిపోకూడదు. ఆ దశలో మధ్యే మార్గానికి చోటు ఉండేది.

తొలగింపును వ్యతిరేకించినవారందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. తమ ముత్తాతలు ఆ సైన్యంలో పోరాడి మరణించారని, విగ్రహం వారి జ్ఞాపకమని చెప్పినవారు ఉన్నారు. శిల్పంగా దానికి విలువ ఉందన్నవారు ఉన్నారు. 1997లోనే అది జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. ఈ రోజు లీని తీస్తే రేపు స్వయంగా బానిసలను ఉంచుకున్న మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ వంతు వస్తుందని భయపడినవారూ ఉన్నారు. ఆ ఊరి విశ్వవిద్యాలయాన్ని స్థాపించినవాడే జెఫర్సన్ కాబట్టి అక్కడ అది ఊహాజనితమైన భయం కాదు. అయితే ఇద్దరి మధ్యా తేడా ఉంది. జెఫర్సన్‌ను తలచుకునేది స్వాతంత్ర్య ప్రకటన రాసినందుకు, బానిసలు ఉన్నా ఆ ఘనత విడిగా నిలుస్తుంది. లీకి విగ్రహం పెట్టింది ఆ యుద్ధం నడిపినందుకే. ఆయన స్మారకం నుంచి బానిసత్వం కోసం జరిగిన యుద్ధాన్ని తీసేస్తే మిగిలేది గుర్రమొక్కటే.

2017 ఫిబ్రవరి 6న పాలకమండలి 3-2 ఓట్ల తేడాతో విగ్రహాన్ని తొలగించాలని తీర్మానించింది. మార్చిలో కొన్ని సంస్థలు, కొందరు పౌరులు కోర్టుకెక్కారు. అక్కడి నుంచి అసలు చిక్కుముడి మొదలైంది.

ఒక చట్టం వేసిన తాళం

వర్జీనియాలో 1904లో ఒక చట్టం వచ్చింది. కౌంటీలు కాన్ఫెడరేట్ స్మారకాలు నిలుపుకోవచ్చని, నిలిపాక వాటిని ఎవరూ కదిలించకూడదని దాని సారాంశం. అందులో ఉన్నది కౌంటీలే, నగరాల ప్రస్తావన లేదు. 1997లో చట్టసభ దాన్ని సవరించి స్థానిక సంస్థలన్నిటికీ వర్తించేలా చేసింది.

కాబట్టి కోర్టు ముందున్న ప్రశ్న లీ మంచివాడా, చెడ్డవాడా అన్నది కాదు. 1997లో విస్తరించిన చట్టం 1924లో ఒక నగరం నిలబెట్టుకున్న విగ్రహానికి వెనక్కి వెళ్లి వర్తిస్తుందా? ఇంత పొడి ప్రశ్న చుట్టూ నాలుగేళ్లు గడిచాయి. స్థానిక న్యాయమూర్తి వర్తిస్తుందనే భావించారు. 2017లో తొలగింపును తాత్కాలికంగా ఆపారు. 2019లో అది చట్టరక్షణ గల యుద్ధ స్మారకమేనని తేల్చి శాశ్వత నిషేధం విధించారు.

చట్టంలో తాళం పడినప్పుడు వాదన ఆగదు, వీధిలోకి వెళ్తుంది. 2017 మే నెలలో కాగడాలతో ఒక ఊరేగింపు జరిగింది. జూలైలో క్లాన్ సభ పెట్టింది. ఆగస్టు 11 రాత్రి మరోసారి కాగడాలు వెలిగాయి, 12న దేశం నలుమూలల నుంచి శ్వేతజాతి దురహంకారులు విగ్రహాన్ని కాపాడే పేరుతో వచ్చి చేరారు. ఆ మధ్యాహ్నం వారిలో ఒకడు నిరసనకారుల గుంపు మీదికి కారు తోలాడు. హెదర్ హైయర్ అనే 32 ఏళ్ల మహిళ మరణించింది, పదుల సంఖ్యలో గాయపడ్డారు. ఆనాటి బందోబస్తులో ఉన్న హెలికాప్టర్ కూలి ఇద్దరు రాష్ట్ర పోలీసులు చనిపోయారు.

తర్వాత నగరం విగ్రహానికి నల్ల టార్పాలిన్ కప్పింది. రాత్రివేళ ఎవరో వచ్చి కోసేవారు, పగలు సిబ్బంది మళ్లీ కప్పేవారు. 2018 ఫిబ్రవరిలో కోర్టు దాన్నీ తీయించింది. తొలగించలేక, కప్పనూ లేక, మనుషులు చచ్చిన కారణాన్ని నగరం మూడేళ్లకు పైగా నడిబొడ్డున చూస్తూ ఉండవలసి వచ్చింది. 2016లో సాధ్యమనిపించిన మధ్యే మార్గం మూసుకుపోయింది ఇక్కడే. మెకింటైర్ పార్కులో పెట్టినా, ఎక్కడ పెట్టినా అది ఇక 1924 నాటి విగ్రహం కాదు, 2017 నాటి జెండా.

పార్కు పేరు కూడా ఈలోగా రెండుసార్లు మారింది. లీ పార్కు 2017 జూన్‌లో విమోచన పార్కు అయింది. ఆ పేరును నల్లజాతి నివాసుల్లోనే కొందరు ఇష్టపడకపోవడంతో 2018లో మార్కెట్ స్ట్రీట్ పార్కుగా స్థిరపడింది.

తాళం ఎలా తెరుచుకుంది

రెండు తాళంచెవులు దాదాపు ఒకేసారి దొరికాయి. మొదటిది చట్టసభలో. 2019 చివరి ఎన్నికల్లో వర్జీనియా చట్టసభ చేతులు మారింది. 2020 ఏప్రిల్‌లో గవర్నర్ సంతకంతో, ఆ జూలై 1 నుంచి, స్మారకాలపై నిర్ణయాధికారం స్థానిక సంస్థలకు దక్కింది. అయితే పద్ధతి పాటించాలి. ముందుగా ప్రకటన ఇవ్వాలి, ప్రజల మాట వినాలి, తీర్మానం చేయాలి, ఆపైన 30 రోజుల పాటు మ్యూజియాలకో, చరిత్ర సంఘాలకో, యుద్ధభూములకో ఇస్తామని ప్రకటించాలి. చివరికి ఏం చేయాలన్నది పూర్తిగా స్థానిక సంస్థ ఇష్టం.

రెండోది కోర్టులో. 2021 ఏప్రిల్ 1న రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానమైన వర్జీనియా సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, 1997 సవరణ అంతకుముందు నగరాలు నిలిపిన విగ్రహాలకు వర్తించదని చెప్పింది. అంటే నగరాన్ని ఆపే చట్టం మొదటి నుంచీ లేదు. ఆ మాట చెప్పడానికి పట్టిన నాలుగేళ్ల మధ్యలో 2017 ఆగస్టు ఉంది.

తీర్పు తర్వాత నగరం దూకుడుగా పోలేదు. అవసరం లేకపోయినా 2020 చట్టపు పద్ధతినే అక్షరాలా పాటించింది. 2021 జూన్ 7న ఏకగ్రీవ తీర్మానం, 30 రోజుల గడువు, జూలై 10 శనివారం ఉదయం క్రేన్. ఎనిమిది గంటలు దాటిన కొద్దిసేపటికే గుర్రం, దాని మీది మనిషి పీఠం విడిచి లేచారు. చూడటానికి వచ్చినవారు చప్పట్లు కొట్టారు. అదే రోజు మరో కాన్ఫెడరేట్ జనరల్ స్టోన్‌వాల్ జాక్సన్ విగ్రహం కూడా దిగింది.

ఇతర నగరాలు పట్టిన దారులు

రాష్ట్ర చట్టం నగరం చేతులు కట్టేయడం షార్లట్స్‌విల్ ఒక్కదాని అనుభవం కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల ఇదే అమరిక. ఓటర్లలో నల్లజాతివారు ఎక్కువగా ఉన్న నగరాలు ఒకవైపు, వారి నిర్ణయాలను ఆపగల రాష్ట్ర చట్టసభలు మరోవైపు.

టెన్నెసీలోని మెంఫిస్ 2017 డిసెంబరులో ఎవరూ ఊహించని దారి కనిపెట్టింది. ప్రభుత్వ స్థలంలోని స్మారకాలను కదిలించకూడదన్నది రాష్ట్ర చట్టం. నగరం తన రెండు పార్కులను ఒక్కొక్కటి వెయ్యి డాలర్లకు ఒక లాభాపేక్ష లేని సంస్థకు అమ్మేసింది. స్థలం ప్రైవేటుది కాగానే చట్టం వర్తించడం మానేసింది. ఆ రాత్రికి రాత్రే విగ్రహాలు దిగాయి. అలబామాలోని బర్మింగ్‌హామ్ మొదట పార్కులోని స్తంభం చుట్టూ చెక్కపలకలు బిగించింది. రాష్ట్రం కేసు పెట్టింది. ఉల్లంఘనకు జరిమానా రోజుకింత అని కాదని, ఒక్కసారికి 25 వేల డాలర్లేనని అక్కడి సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. నిషేధం కాస్తా ధరగా మారింది. 2020 జూన్‌లో నగరం స్తంభాన్ని తొలగించింది.

వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో చిక్కు వేరు. అక్కడి లీ విగ్రహం 1890 నాటిది, రాష్ట్రానిది. దాన్ని ప్రేమతో కాపాడుతామని రాష్ట్రం దానపత్రాల్లో మాట ఇచ్చింది. ఒక ప్రభుత్వం ఇచ్చిన అలాంటి మాట నూటముప్పై ఏళ్ల తర్వాతి ప్రభుత్వం నోటిని శాశ్వతంగా కట్టేయలేదని వర్జీనియా సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరు 2న తీర్పు ఇచ్చింది. ఆరు రోజులకు విగ్రహం దిగింది. దానపత్రాలు, షరతులు గల పాత స్మారకాలు మన దేశంలోనూ తక్కువ కాదు కనుక ఈ తీర్పు ఇక్కడివారూ గుర్తుపెట్టుకోదగినది.

మద్రాసు చెప్పే పాఠం

ఇదే ప్రశ్న తెలుగువారి ముంగిట ఎప్పుడో వచ్చింది. 1857 తిరుగుబాటును అణచే పేరుతో అలహాబాదు, కాన్పూరు ప్రాంతాల్లో జనాన్ని విచ్చలవిడిగా ఉరితీయించిన జేమ్స్ నీల్ మద్రాసు దళానికి చెందిన అధికారి. లక్నో పోరులో చనిపోయాడు. 1861లో మద్రాసు మౌంట్ రోడ్డు మీద అతనికి విగ్రహం పెట్టారు. కోస్తా, రాయలసీమ జిల్లాలన్నిటికీ అప్పుడు రాజధాని మద్రాసే.

1927లో ఆ విగ్రహాన్ని తొలగించాలని సత్యాగ్రహం మొదలైంది. సుత్తులు పట్టుకుని వెళ్లినవారు జైళ్ల పాలయ్యారు. గాంధీ మద్దతు పలికారు. అయినా విగ్రహం కదలలేదు. పదేళ్ల తర్వాత, 1937లో ఎన్నికల్లో గెలిచి రాజాజీ నాయకత్వాన కాంగ్రెస్ మంత్రివర్గం ఏర్పడగానే ఎగ్మూరు మ్యూజియానికి తరలిపోయింది. వాదన 1927లోనే గెలిచింది, అధికారం 1937లో వచ్చింది. షార్లట్స్‌విల్‌కు 2017, 2021 మధ్య ఎడం ఎలాంటిదో మద్రాసుకు ఆ పదేళ్లు అలాంటివి.

ఢిల్లీలో ఐదో జార్జి విగ్రహాన్ని ఇండియా గేట్ ఎదుటి మండపం నుంచి 1968లో తీసి కోరొనేషన్ పార్కుకు చేర్చారు. ఆ మండపంలో ఎవరిని పెట్టాలో తేలక అది 54 ఏళ్లు ఖాళీగా ఉండి, 2022లో సుభాష్ చంద్రబోస్ విగ్రహంతో నిండింది. తొలగించడానికి కుదిరిన ఏకాభిప్రాయం ఆ చోటును నింపడానికి అంత త్వరగా కుదరదు.

తిరిగి వచ్చినవి, రానివి

2011 మార్చి 10న మిలియన్ మార్చ్ సందర్భంగా హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీది తెలుగు ప్రముఖుల విగ్రహాల్లో కొన్నిటిని జనసమూహం కూల్చింది. ఎవరి చరిత్రకు ఎంత చోటు దక్కిందన్న ఆవేదన దాని వెనుక ఉంది. ఆ ప్రశ్న మీద చర్చ జరగకుండానే విగ్రహాలను తిరిగి నిలిపారు. వాషింగ్టన్‌లో 2020 జూన్‌లో నిరసనకారులు లాగి పడేసిన కాన్ఫెడరేట్ జనరల్ ఆల్బర్ట్ పైక్ విగ్రహాన్ని 2025 అక్టోబరులో ప్రభుత్వం అదే చోట తిరిగి నిలిపింది.

దీన్ని బట్టి గుంపు కూల్చినవన్నీ తిరిగి వస్తాయని, పద్ధతిగా తీసినవి రావని తేల్చేయడం తొందరపాటు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2020లో జనం నీళ్లలోకి తోసిన బానిస వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహం మళ్లీ నిలబడలేదు. నగరం దాన్ని మ్యూజియంలో, రంగు మరకలతో సహా, పడుకోబెట్టి ఉంచింది. అటువైపు, అమెరికా పార్లమెంటు నియమించిన సంఘం సిఫారసు మేరకు 2023 డిసెంబరులో ఆర్లింగ్టన్ శ్మశానం నుంచి పద్ధతి ప్రకారం తొలగించిన కాన్ఫెడరేట్ స్మారకాన్ని తిరిగి పెడతామని 2025లో రక్షణ శాఖ ప్రకటించింది.

తేడా యాజమాన్యంలో ఉంది. పైక్, ఆర్లింగ్టన్ స్మారకాలు తీసిన తర్వాతా కేంద్ర ప్రభుత్వం చేతిలోనే, గోదాముల్లో ఉన్నాయి. ప్రభుత్వం మారితే గోదాము తలుపు తెరుచుకుంటుంది. గోదాములో పెట్టడం నిర్ణయాన్ని వాయిదా వేయడమే. షార్లట్స్‌విల్ అలా చేయలేదు. 2021 డిసెంబరులో విగ్రహం హక్కును జెఫర్సన్ స్కూల్ ఆఫ్రికన్ అమెరికన్ వారసత్వ కేంద్రానికి బదిలీ చేసింది. ఒకప్పుడు నల్లజాతి పిల్లలను విడిగా కూర్చోబెట్టిన బడి భవనమది. ఆ బదిలీ మీద కూడా కేసు నడిచి, 2023లో ముగిసింది.

కొలిమి

ఆ కేంద్రం తన ప్రణాళికకు బైబిల్ మాటే పేరుగా పెట్టుకుంది: ఖడ్గాలను నాగటి నక్కులుగా. విగ్రహాన్ని కరిగించి, ఆ కంచుతోనే నగరవాసులు కోరే కొత్త కళాఖండాన్ని చేయించాలన్నది ఉద్దేశం. 2023 అక్టోబరులో, బెదిరింపుల భయంతో పేరు, ఊరు బయటపెట్టని ఒక పోతపోసే కర్మాగారంలో పని జరిగింది.

ముందు విగ్రహాన్ని ముక్కలు చేశారు. తల నుంచి ముఖభాగాన్ని విడిగా కోశారు, అది తొడుగులా ఊడి వచ్చింది. కంచు కరగడానికి వెయ్యి డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా వేడి కావాలి. ముఖాన్ని మంటకు పెట్టినప్పుడు ముందు కళ్లు, బుగ్గలు ఎర్రబడ్డాయి, తర్వాత రూపం చెదిరింది. మూసలోంచి వంచిన ద్రవాన్ని అచ్చుల్లో పోసి దిమ్మెలుగా మార్చారు.

ఇది విధ్వంసమని విమర్శించినవారు ఉన్నారు. శిల్పం పోయిందన్న మాట నిజం. చరిత్ర పోయిందన్నది మాత్రం నిలిచే వాదన కాదు. 97 ఏళ్లు పార్కులో నిలబడి ఆ విగ్రహం ఎవరికీ చెప్పని సంగతులు, 1860 నాటి 14 వేల మంది, 1904 చట్టం, 1924 మార్చి నాటి పెళ్లిళ్ల నిషేధం, దాన్ని తీయాలా వద్దా అన్న విచారణల్లోనే నగరం ముందుకు వచ్చాయి.

పార్కులో ఇప్పుడు పీఠం కూడా లేదు. జాక్సన్ విగ్రహాన్ని తీసుకెళ్లిన లాస్ ఏంజెలెస్ కళాసంస్థ ఒకటి కళాకారిణి కారా వాకర్ చేత దాన్ని ముక్కలుగా కోయించి కొత్త శిల్పంగా కూర్పించింది. 2025 అక్టోబరులో ఆ నగరంలో మొదలైన ప్రదర్శనలో లీ కూడా ఉన్నాడు, గుర్రం లేకుండా, ముఖం లేకుండా, కంచు దిమ్మెలుగా. ఆ కంచుతో ఏం చేయాలన్నది షార్లట్స్‌విల్ వాసులదే నిర్ణయం.